ముత్తాతల పేర్లు కాగితాల్లో దొరకనప్పుడు

సమస్య: జనాభా లెక్కల్లో మా కుటుంబం వివరాలు అడిగితే కుదరదంటున్నారు.
కారణం: 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్. ఇంటింటికీ తిరిగి నింపిన ఫారాలు చూసే హక్కు ఎవరికీ లేదు.
పరిష్కారం: ఆ దారి వదిలేయండి. డబ్బు తీసుకుని తెప్పిస్తామన్నవాళ్లను అసలు నమ్మకండి.

సమస్య: జనన, మరణ రిజిస్టర్లలో పేరు లేదు.
కారణం: ఇప్పటి రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు పల్లెల్లో రాయించనివే ఎక్కువ. రాయించినా బిడ్డకు అప్పటికింకా పేరు పెట్టక ఆ గడి ఖాళీగా ఉండిపోయేది.
పరిష్కారం: తండ్రి పేరు, ఊరు చెప్పి, అనుకున్న ఏడాదికి అటూ ఇటూ రెండేళ్లు వెతికించండి. అక్కడా లేకపోతే చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టర్ అడగండి. అందులో తండ్రి పేరు, ఊరు పనికొస్తాయి. పుట్టినతేదీ చాలాసార్లు అంచనాకు వేసిందే.

సమస్య: ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తాతగారి దస్తావేజు కనిపించడం లేదు.
కారణం: ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది.
పరిష్కారం: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. అక్కడ ఇండెక్స్-1 పేర్లది, ఇండెక్స్-2 ఆస్తులది. ఇంటిపేరును ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు కాబట్టి సర్వే నంబరు తెలిస్తే రెండోదే నమ్మకం. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆస్తి దస్తావేజులుండే బుక్-1ను రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలుండే బుక్-3ను అధికారే వెతకాలి. రాసినవారు పోయాక నకలు ఎవరడిగినా ఇస్తారు. నకళ్లన్నీ ఒకేసారి తీసుకుంటే ఖర్చు పెరుగుతుంది. ముందు భాగపరిష్కార (ఆస్తి పంపకాల) దస్తావేజు ఒక్కటి తీయించండి. అన్నదమ్ములు, వాళ్ల తండ్రి, మైనర్లు, వాళ్ల సంరక్షకులు అందరూ ఒకేచోట దొరికేది అందులోనే.

సమస్య: అదే పేరు యాభై ఏళ్ల తేడాతో రెండుసార్లు వచ్చింది.
కారణం: తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం.
పరిష్కారం: పక్కనున్న తండ్రి పేరు సరిపోల్చకుండా వంశవృక్షంలోకి ఎక్కించకండి.

సమస్య: పహాణీ (ఊరి భూముల సాగు, హక్కుల రికార్డు) మీద 1364 అని ఉంది.
కారణం: అది ఫసలీ సంవత్సరం, అంటే రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం.
పరిష్కారం: 590 కలిపితే 1954. తెలంగాణ ఖాస్రా పహాణీ ఆ 1954-55దే. కోస్తా, సీమ వాళ్లు తహసీల్దార్ ఆఫీసులో డైగ్లాట్, ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి రిజిస్టర్లు అడగాలి.

సమస్య: పాత కాగితంలోని జిల్లాలో మా ఊరే లేదు.
కారణం: హద్దులు మారాయి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో, తర్వాత గుంటూరులో ఉండి, 1970లో కొత్త జిల్లాలోకి వెళ్లింది. మండలాలు 1985లో వచ్చాయి.
పరిష్కారం: దరఖాస్తులో ఇప్పటి మండలంతోపాటు అప్పటి తాలూకా, జిల్లా పేర్లు కూడా రాయండి.