టెస్టులకీ అసలు డేటాబేసే పెట్టండి

ప్రొడక్షన్‌లో, అంటే యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, టెస్టుల్లో మాత్రం మెమరీలోనే నడవగల చిన్న జావా డేటాబేస్ హెచ్2. ఇలా నడిపే టీములు మన వైజాగ్‌లోనూ ఉన్నాయి. దయచేసి మానేయండి. పోస్ట్‌గ్రెస్‌లో జేసన్ డేటా దాచే జేసన్‌బీ కాలమ్‌లో వెతికే ఆపరేటర్ ఒక్కటి వాడితే చాలు, హెచ్2లో అది ఉండదు, దాంతో టెస్టు కోసం అసలు కోడ్‌నే మార్చాల్సి వస్తుంది. టెస్టు మొదలవగానే కంటైనర్‌లో (మెషీన్‌లో మిగతావాటికి సంబంధం లేకుండా విడిగా నడిచే పెట్టెలాంటి దానిలో) నిజమైన పోస్ట్‌గ్రెస్‌ని లేపి, అయిపోగానే తీసేసే టెస్ట్‌కంటైనర్స్ లైబ్రరీ ఉండగా ఆ అవస్థ ఎందుకు?

జావాలో చెప్తాను. కంటైనర్లని నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ మీ మెషీన్‌లో నడుస్తూ ఉండాలి. టెస్టు క్లాసులో కంటైనర్‌ని స్టాటిక్ ఫీల్డ్‌గా పెట్టండి, లేకపోతే ప్రతి టెస్టు మెథడ్‌కీ కొత్తది లేస్తుంది, బిల్డ్ నత్తనడక నడుస్తుంది. ఇమేజ్ (కంటైనర్‌ని లేపడానికి వాడే మూస) ట్యాగ్ దగ్గర, అంటే వెర్షన్ చెప్పే చోట, లేటెస్ట్ అని రాయకండి, ప్రొడక్షన్‌లో 16 ఉంటే ఇక్కడా 16 అనే రాయండి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే 5432 పోర్టునీ కోడ్‌లో రాసేయకండి. బయటికి ఏ ఖాళీ పోర్టు దొరికితే అది లైబ్రరీ ఇస్తుంది కాబట్టి జేడీబీసీ యూఆర్‌ఎల్ (జావా నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే చిరునామా) కంటైనర్‌నే అడిగి తీసుకోండి.

ఇక డేటాబేస్ లేచేదాకా అని కోడ్‌లో స్లీప్ (కాసేపు ఊరికే ఆగడం) పెట్టే అలవాటు. పది సెకన్లు ఆగితే లేస్తుందిలే అని పెడతారు, సీఐ మెషీన్ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తానే నడిపే సర్వర్) మీద లోడ్ పెరిగిన రోజు అది చాలదు. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ మొదటిసారి లేచేటప్పుడు సెటప్ కోసం ఓసారి తాత్కాలికంగా మొదలై, ఆగి, మళ్లీ మొదలవుతుంది, అందుకే కనెక్షన్లకు సిద్ధం అనే లాగ్ లైన్ రెండుసార్లు వస్తుంది. మొదటిదాన్ని నమ్మి కనెక్ట్ అయితే మధ్యలో తెగిపోతుంది. లైబ్రరీలోని పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్ రెండోది వచ్చేదాకా ఆగుతుంది. దాని బదులు ఏ ఇమేజ్‌కైనా పనికొచ్చే జెనరిక్ కంటైనర్ క్లాసు వాడితే ఆ వెయిట్ మీరే రాయాలి.

అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టేది టైమ్‌జోన్. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం లెక్కలు రాసే సర్వీసు అనుకోండి. తెల్లవారుజామున 4 గంటలకి అమ్మిన వంజరం యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు రాత్రి 10:30 కిందకి వస్తుంది. ఏ రోజు అమ్మకం అని డేటాబేస్‌ని అడిగితే జవాబు సెషన్ టైమ్‌జోన్‌ని బట్టి మారుతుంది, జేడీబీసీ డ్రైవర్ దాన్ని జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే ఇంజిన్) నుంచి తీసుకుంటుంది, అందుకే మీ ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్టు యూటీసీలో నడిచే సీఐలో ఫెయిలవుతుంది. క్వెరీలోనే ఏషియా/కోల్‌కతా అని స్పష్టంగా రాసి, సరిగ్గా ఆ 4 గంటల అమ్మకానికే ఒక టెస్టు పెట్టండి.

పేర్లు తెలుగులో నిల్వ చేస్తుంటే ఆల్పైన్ అనే చిన్న లినక్స్ మీద కట్టిన ఇమేజ్‌తో జాగ్రత్త. అందులోని మసల్ (musl) అనే సీ లైబ్రరీ సార్ట్ చేసేటప్పుడు లోకేల్‌ని (ఏ భాషకి ఏ అక్షరక్రమం అనే సెట్టింగ్‌ని) పట్టించుకోదు, అక్షరాల కోడ్ వరుసలోనే సార్ట్ అవుతుంది. ప్రొడక్షన్ డెబియన్ అనే మరో లినక్స్ మీద ఉంటే వరుస తేడా రావచ్చు.

టెస్టు మధ్యలో ఆపేసినా భయం లేదు, ర్యూక్ అనే చిన్న కంటైనర్ మిగతావాటిని శుభ్రం చేస్తుంది, దాన్ని ఆఫ్ చేయకండి. ఒకే కంటైనర్‌ని పంచుకునే టెస్టుల మధ్య టేబుళ్లు ఖాళీ చేయడం మాత్రం మీ పనే. ఆఫీసంతా ఒకే ఐపీ నుంచి బయటికి వెళ్తుంటే, లాగిన్ లేకుండా ఇమేజ్‌లు తీసుకునేవాళ్లందరికీ కలిపి డాకర్ హబ్ పెట్టే పరిమితి ఒకటే. సీఐలో డాకర్ లాగిన్ ముందే పెట్టించుకోండి.