గుండెపోటు తర్వాత లయ తప్పే ముప్పును స్కాన్లతో ఎలా అంచనా వేయాలి?

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి చేరాక గండం గడిచిందనుకుంటాం. రక్తనాళం తెరుచుకున్న మాట నిజమే. కానీ రక్తం అందక చచ్చిపోయిన కండరం తిరిగి పుట్టదు, అక్కడ మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలోనూ దాని అంచుల్లోనూ అక్కడక్కడా బతికి ఉన్న కండర పోగులు విద్యుత్తును నెమ్మదిగా, వంకరదారుల్లో మోస్తాయి. ఒక్కోసారి ఆ విద్యుత్తు అక్కడే సుడి తిరగడం మొదలుపెడుతుంది. గుండె కింది గదులు అదుపు తప్పి అతివేగంగా కొట్టుకునే వెంట్రిక్యులర్ టాకీకార్డియా సాధారణంగా ఇలాగే పుడుతుంది. అది ఫిబ్రిలేషన్‌గా మారితే గుండె రక్తాన్ని పంపలేక వట్టిగా వణుకుతుంది, నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఈ ముప్పు ఎవరికి ఎక్కువో ముందే పసిగట్టడానికి స్కాన్లు తోడ్పడతాయి. డాక్టరుతో కలిసి ఆ పని ఈ వరుసలో చేయండి.

1. తేదీలు రాసుకోండి

గుండెపోటు ఎప్పుడు వచ్చింది, స్టెంటు లేదా బైపాస్ ఎప్పుడు జరిగింది, మందులు ఎప్పుడు మొదలయ్యాయి అన్నవి ఒక కాగితం మీద ఉండాలి. గుండెపోటు తర్వాత కొంత కండరం చచ్చిపోకుండా మొద్దుబారి ఉంటుంది. అది కోలుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే ప్రమాదకరంగా చెడిన లయను షాకిచ్చి సరిచేసే ఐసీడీ పరికరాన్ని ఒంట్లో ముందుజాగ్రత్తగా అమర్చాలా వద్దా అన్న నిర్ణయానికి గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంటు లేదా బైపాస్ తర్వాత సుమారు 3 నెలలు ఆగుతారు. తొలి 40 రోజుల్లోనే ఐసీడీ పెట్టి చూసిన డైనమిట్ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో లయ తప్పి చనిపోవడం తగ్గింది గానీ మొత్తం మరణాలు తగ్గలేదు.

గుండెపోటు వచ్చి 48 గంటలు దాటాక గుండె ఆగిపోయి బతికినవారికి, ప్రమాదకరమైన టాకీకార్డియా వచ్చినవారికి ఈ నిరీక్షణ వర్తించదు. వారి విషయం వెంటనే తేల్చాలి.

2. ఎకో (శబ్ద తరంగాలతో గుండెను చూసే స్కాన్) చేయించి, అంకెతో పాటు పద్ధతినీ అడగండి

ఎడమ జఠరిక ఒక్కో స్పందనలో తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పేది ఎజెక్షన్ ఫ్రాక్షన్. 55 శాతం, ఆ పైన ఉంటే మామూలు. కనీసం 3 నెలలు సరైన మందులు వాడాక కూడా అది 35 శాతమో అంతకన్నా తక్కువో ఉండి, ఆయాసం వంటి లక్షణాలుంటే ఐసీడీ గురించి మాట్లాడాలి. లక్షణాలు లేనివారికి ఆ గీత 30 శాతం. 2002లో వచ్చిన మ్యాడిట్-2 అధ్యయనంలో 30 శాతం లోపు ఉన్న 1,232 మందిని సగటున 20 నెలలు గమనించారు. మామూలు చికిత్స పొందినవారిలో 19.8 శాతం, ఐసీడీ ఉన్నవారిలో 14.2 శాతం మరణించారు.

అంకెను కంటితో అంచనా వేశారా, జఠరిక అంచులు గీసి లెక్కకట్టే సింప్సన్ పద్ధతిలో కొలిచారా అని అడగండి. కొలిచేవారు మారితే అంకె కొన్ని శాతాలు అటూ ఇటూ కావచ్చు. 33కూ 37కూ మధ్య నిర్ణయమే మారిపోయే చోట ఆ తేడా చిన్నది కాదు.

3. సందేహం మిగిలితే గుండె ఎంఆర్ఐ

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది 36, 40, 45 శాతం ఉన్నవారి నిశ్చింత. ఆకస్మిక గుండె మరణాల్లో ఎక్కువ భాగం 35 శాతానికి పైన ఉన్నవారిలోనే జరుగుతున్నాయి. వారి సంఖ్య చాలా ఎక్కువ కావడమే దానికి ముఖ్య కారణం. గుండె ఎంత బలంగా నెడుతోందో ఎకో చెబుతుంది, మచ్చ ఎలా ఉందో చూపేది ఎంఆర్ఐ. గాడోలినియం అనే మందును నరంలోకి ఎక్కించి సుమారు పది నిమిషాలు ఆగి బొమ్మలు తీస్తే, మంచి కండరం నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తుంది. రెంటికీ మధ్య బూడిదరంగు పట్టీ ఉంటే అక్కడ చచ్చిన, బతికిన పోగులు కలగలిసి ఉన్నాయన్నమాట. విద్యుత్తు సుడి తిరిగేందుకు అనువైన చోటు అదే.

స్కాన్‌కు ముందు మూత్రపిండాల పరీక్ష ఫలితం చూపించండి. ఒంట్లో పేస్‌మేకర్ గానీ, మరే లోహపు వస్తువు గానీ ఉంటే చెప్పండి. ఇరుకు చోట భయమేస్తే అదీ దాచకండి. పరీక్షకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి.

నివేదికలో మచ్చ ఎంత శాతం, గోడ మందంలో ఎంతవరకు పాకింది, బూడిదరంగు పట్టీ ఉందా, జఠరికలో రక్తపు గడ్డ ఉందా అన్నవి వెతకండి. ఇంత శాతం మచ్చ ఉంటే ఐసీడీ తప్పదనే ఒకే ఒక్క అంకె మార్గదర్శకాల్లో లేదు. మచ్చ పెద్దదైన కొద్దీ ముప్పు పెరుగుతుందన్నది మాత్రం స్పష్టం.

4. రక్తం అందుతోందో లేదో చూడండి

వ్యాయామంతోనో మందుతోనో గుండెపై ఒత్తిడి పెట్టి తీసే ఎకో, ఎంఆర్ఐ లేదా న్యూక్లియర్ స్కాన్ ఏ భాగానికి ఇంకా రక్తం చాలడం లేదో చూపుతుంది. ఆ కొరతా లయను చెడగొట్టగలదు. మందుతో ఒత్తిడి పెట్టే పరీక్షలకు ముందు కాఫీ, టీ ఎంతసేపు మానాలో అడిగి తెలుసుకోండి.

5. స్కాన్లను ఈసీజీ పక్కన పెట్టి చదివించండి

స్కాన్ లయను చూపదు, లయ చెడేందుకు అనువైన నేలను చూపుతుంది. ఈసీజీ, హోల్టర్ రికార్డు (ఒంటికి తగిలించి రోజంతా తీసే ఈసీజీ), స్పృహ తప్పిన సందర్భాలు కలిపి చూడాలి. హోల్టర్‌లో కొద్ది సెకన్ల టాకీకార్డియా కనిపించి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం లోపు ఉంటే, గుండెలోకి తీగ పంపి చేసే విద్యుత్ పరీక్ష అవసరమా అని అడగండి. ఉన్నట్టుండి స్పృహ తప్పితే మాత్రం తర్వాతి స్కాన్ తేదీ వరకు ఆగకండి, అప్పటికప్పుడు అత్యవసర విభాగానికి వెళ్లండి.