జీడాల్‌కు తొలి ప్యాచ్: బగ్ పట్టుకోవడం నుంచి పుల్ రిక్వెస్ట్ దాకా

మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో షేప్‌ఫైల్ (మ్యాపు డేటా ఫైల్) తెరిచినా, పైథాన్‌లో రాస్టీరియో లైబ్రరీతో శాటిలైట్ చిత్రం చదివినా, అడుగున ఫైల్ తెరిచే పని జీడాల్‌దే. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన సీ++ లైబ్రరీ ఇది. లైసెన్స్ ఎంఐటీ. (గూడాల్ అని పలికేవాళ్లూ ఉన్నారు, రెండూ చెల్లుతాయి.) దీనికి వెళ్లే ప్యాచ్‌లలో (కోడ్ సవరణల్లో) చాలావరకు పదీ ఇరవై లైన్లే. ఆ లైన్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే టైమంతా పోతుంది.

అది నిజంగా బగ్గేనా?

తెలుగు డేటాతో పనిచేసేవారికి తరచూ ఎదురయ్యేది షేప్‌ఫైల్‌లో ఊరి పేర్లు పాడవడం. ఇందులో రెండు వేర్వేరు కారణాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి ఎన్‌కోడింగ్. లేయర్ క్రియేషన్ ఆప్షన్‌గా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే జీడాల్ డిఫాల్ట్‌గా లాటిన్ ఎన్‌కోడింగ్‌లో రాస్తుంది. అందులో తెలుగు అక్షరాలకు చోటే లేదు. రెండోది షేప్‌ఫైల్‌లో పేర్లు దాచే డీబీఎఫ్ ఫార్మాట్ పరిమితి. టెక్స్ట్ ఫీల్డ్‌కు గరిష్ఠంగా 254 బైట్లు, ఫీల్డ్ పేరుకు 10 బైట్లు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కూ 3 బైట్లు పడతాయి. ‘శ్రీకాళహస్తి’ మనం చదివితే ఐదక్షరాలే గానీ కోడ్‌పాయింట్లు 12, అంటే 36 బైట్లు. ‘గ్రామం’ అని ఫీల్డ్ పేరు పెడదామంటే 18 బైట్లు కావాలి, ‘గ్ర’ దగ్గరే 9 అయిపోతాయి. ఈ రెండింటిలో ఏదైనా సరే బగ్ రిపోర్ట్ వేస్తే మూసేస్తారు, మూసేయడం న్యాయమే. జియోప్యాకేజీ అనే ఫార్మాట్‌కు మారితే రెండు బాధలూ ఉండవు.

ఇంకోటి అక్షాల క్రమం. 2019లో వచ్చిన జీడాల్ 3.0 నుంచి ఈపీఎస్‌జీ 4326కు (డిగ్రీల్లో అక్షాంశ రేఖాంశాలిచ్చే కోఆర్డినేట్ వ్యవస్థకు) అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. పాత స్క్రిప్ట్ హైదరాబాద్‌ను 78.48, 17.38 అని పాత వరుసలోనే ఇస్తే, కొత్త జీడాల్ 78.48ని అక్షాంశంగా తీసుకుంటుంది. పాయింట్ ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. అక్కడ ఎర్ర చుక్క కనిపిస్తే బగ్ అనుకోకండి. స్పేషియల్ రిఫరెన్స్ మీద యాక్సిస్ మ్యాపింగ్ స్ట్రాటజీని ట్రెడిషనల్ జీఐఎస్ ఆర్డర్‌కు మార్చండి.

ఇవేవీ కాకపోతే తప్పు ఎవరిదో చూడాలి. కోఆర్డినేట్ల మార్పిడి ప్రోజ్ అనే లైబ్రరీ చేస్తుంది, బఫర్, ఇంటర్‌సెక్షన్ లాంటివి జియోస్ అనే లైబ్రరీ చేస్తుంది. ప్రోజ్‌తో వచ్చే సీఎస్‌టూసీఎస్ కమాండ్‌కు అవే అంకెలిచ్చి చూడండి. అక్కడా అదే తప్పు జవాబు వస్తే మీరు వెళ్లాల్సింది ప్రోజ్ రిపాజిటరీకి.

బిల్డ్

తప్పనిసరి డిపెండెన్సీ ప్రోజ్ ఒక్కటే. ఉబుంటులో ప్రోజ్, ఎస్క్యూలైట్, జియోస్ డెవ్ ప్యాకేజీలు, సీమేక్, జీ++, పైథాన్ బైండింగ్స్ కోసం స్విగ్, నమ్‌పై వేసుకుంటే మొదలుపెట్టొచ్చు. గిట్‌హబ్‌లో ఫోర్క్ చేసి, క్లోన్ చేసి, సోర్స్‌లో కాకుండా విడిగా బిల్డ్ అనే డైరెక్టరీలో సీమేక్ నడపండి.

డ్రైవర్లన్నీ (ఒక్కోటి ఒక్కో ఫైల్ ఫార్మాట్‌ను చూసుకునే కోడ్) కట్టుకుంటూ కూర్చోకండి. జీడాల్ బిల్డ్ ఆప్షనల్ డ్రైవర్స్, ఓజీఆర్ బిల్డ్ ఆప్షనల్ డ్రైవర్స్ అనే రెండు సీమేక్ ఆప్షన్లను (రెండూ పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో) ఆఫ్ చేస్తే జియోటిఫ్, షేప్‌ఫైల్, జియోజేసన్ లాంటి మూల డ్రైవర్లే మిగులుతాయి. జియోప్యాకేజీ కావాలంటే దాన్నీ ఎస్క్యూలైట్ డ్రైవర్‌నూ పేరు పెట్టి ఆన్ చేయండి. కంపైల్ ఫలితాలు దాచి మళ్లీ వాడే సీక్యాష్ వేసి ఉంటే సీమేక్ దాన్ని తనే వాడుకుంటుంది, రెండోసారి బిల్డ్‌కు ఆ తేడా తెలుస్తుంది.

మధ్యలో కంపైలర్ ‘కిల్డ్’ అని చచ్చిపోతే కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాల్లేదు. 8 జీబీ లాప్‌టాప్‌లో ఒకేసారి 4 జాబ్‌లకు మించి పెట్టకపోవడం మంచిది.

బిల్డ్ అయ్యాక స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని సెట్‌డెవ్‌ఎన్వ్‌ను బిల్డ్ డైరెక్టరీ నుంచి సోర్స్ చేయాలి, అదీ తెరిచిన ప్రతి టెర్మినల్‌లో. మర్చిపోతే నడిచేది సిస్టమ్‌లో ముందే ఉన్న పాత జీడాల్. మీరేమో కోడ్ మార్చినా ఫలితం మారడం లేదేమిటా అని తల పట్టుకుంటారు. జీడాల్‌ఇన్ఫో కమాండ్‌ను వెర్షన్ అడగండి. అంకె పక్కన ‘డెవ్’ కనిపిస్తే మీదే.

ప్రోజ్ డీబీ వేరే ఇన్‌స్టలేషన్‌ది అనే ఎర్రర్ వస్తే, కొండా (ప్యాకేజీ మేనేజర్) గానీ పోస్ట్‌జీఐఎస్ ఇన్‌స్టాలర్ గానీ పెట్టి వెళ్లిన ప్రోజ్ లిబ్ లేదా ప్రోజ్ డేటా వేరియబుల్ పాత డేటాబేస్ వైపు చూపిస్తోందని అర్థం. దాన్ని అన్‌సెట్ చేయండి. కొండా ఎన్విరాన్‌మెంట్ ఆన్‌లో ఉండగా సీమేక్ నడిపితే సగం లైబ్రరీలు అక్కడివీ సగం సిస్టమ్‌వీ కలుస్తాయి. అప్పుడు మరమ్మతుకు దిగకుండా బిల్డ్ డైరెక్టరీ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

ముందు టెస్ట్, తర్వాతే మార్పు

రాస్టర్ (చిత్రాల) డ్రైవర్లు ఎఫ్‌ఆర్‌ఎంటీఎస్ డైరెక్టరీలో, వెక్టర్ (పాయింట్లు, గీతల) డ్రైవర్లు ఓజీఆర్ కింద ఓజీఆర్‌ఎస్‌ఎఫ్ ఎఫ్‌ఆర్‌ఎంటీఎస్‌లో, టెస్టులు ఆటోటెస్ట్‌లో ఉంటాయి. మీ డ్రైవర్ టెస్ట్ ఫైల్ తెరిచి, బగ్‌ను చూపించే ఫంక్షన్ ఒకటి చివర్లో చేర్చండి. పైటెస్ట్‌లో అది ఫెయిల్ కావాలి. మొదటిసారే పాసయితే మీరు పట్టుకున్నది ఆ బగ్ కాదు.

టెస్ట్ డేటా కొన్ని కేబీలు దాటనివ్వకండి. జిల్లా మొత్తం షేప్‌ఫైల్ ఎందుకు, తేడా చేస్తున్న ఒక్క ఫీచర్ చాలు. వీలైతే ఫైలే లేకుండా, విఎస్‌ఐమెమ్ అనే మెమరీ ఫైల్‌సిస్టమ్‌లో అక్కడికక్కడే రాసి చదివించండి. విడిగా స్క్రిప్ట్ రాసి పరీక్షిస్తుంటే మొదట్లోనే యూజ్ ఎక్సెప్షన్స్ అనే ఫంక్షన్‌ను పిలవండి. లేకపోతే జీడాల్ 3 సిరీస్‌లో ఫైల్ తెరుచుకోకపోయినా ఎక్సెప్షన్ రాదు, ‘నన్’ మాత్రమే చేతికొస్తుంది. అసలు తప్పు ఒకచోట, ఎర్రర్ పది లైన్ల కింద.

సీ++ రాసేటప్పుడు మామూలు ఎఫ్‌ఓపెన్ వాడొద్దు, వీఎస్‌ఐ ఎఫ్‌ఓపెన్ ఎల్ వాడండి. జిప్‌లోంచీ వెబ్‌లోంచీ ఫైళ్లు చదవగలిగేది దాని వల్లే. ఫైల్‌లోంచి వచ్చిన ఏ సైజునూ నమ్మి మెమరీ తీసుకోకండి. జీడాల్ మీద ఓఎస్‌ఎస్-ఫజ్ అనే ఆటోమేటిక్ పరీక్ష సర్వీసు ఎడతెగకుండా చెత్త ఫైళ్లు విసురుతూనే ఉంటుంది, మీ లైన్ కూలిపోతే అక్కడ బయటపడుతుంది.

పంపడం

ప్రీ-కమిట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఫార్మాటింగ్ సంగతి అదే చూస్తుంది. కమిట్ మెసేజ్ ఇంగ్లిష్‌లో, ముందు డ్రైవర్ పేరు, కోలన్, ఒక్క వాక్యం, చివర ఇష్యూ నంబర్. బగ్‌కు సంబంధం లేని ఖాళీల సవరణలూ పేర్ల మార్పులూ అందులో కలపొద్దు. రివ్యూ చేసేవారికి అంతకన్నా విసుగు తెప్పించేది లేదు. మాస్టర్ (ప్రధాన బ్రాంచ్) ముందుకు వెళ్లిపోతే మెర్జ్ చేయకుండా రీబేస్ చేసి మీ బ్రాంచ్‌ను ఫోర్స్ పుష్ చేయండి. సీఐలో (ప్రతి ప్యాచ్‌నూ తనే బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థలో) విండోస్ బిల్డ్ ఒక్కటే ఎర్రబడితే ముందు చూడాల్సింది ఇంటీజర్ టైపుల వార్నింగులు: లాంగ్ అనే టైపు 64 బిట్ విండోస్‌లోనూ 32 బిట్లే. ఏపీఐ మార్చేంత పెద్ద ఆలోచనకు మాత్రం ముందు ఆర్‌ఎఫ్‌సీ (ప్రతిపాదన పత్రం) రాయాలి, దాని మీద స్టీరింగ్ కమిటీ ఓటేస్తుంది.

పుల్ రిక్వెస్ట్ (మీ ప్యాచ్‌ను కలుపుకోమనే అభ్యర్థన) ఎప్పుడూ మాస్టర్‌కే పంపండి, పాత రిలీజ్ బ్రాంచ్‌కు చేర్చాలో లేదో మెయింటెయినర్లు చూసుకుంటారు. మెర్జ్ అయిన మార్పు మీ ఆఫీసు ఉబుంటుకు చేరడానికి ఏళ్లు పట్టొచ్చు, కొండా-ఫోర్జ్‌లో త్వరగా దొరుకుతుంది. ఈలోగా స్క్రిప్ట్‌లో వెర్షన్ ఇన్ఫో ఫంక్షన్‌ను అడిగి పాత దారి, కొత్త దారి విడగొట్టుకోండి. 3.9.1కి అది ఇచ్చేది 3090100.