గణాంకాలు నేర్చుకుందాం – 4: రెండు అనుపాతాల మధ్య తేడా

కిందటి పాఠంలో ఒకే అనుపాతానికి (మొత్తంలో ఎంత భాగం అన్నదానికి) విశ్వాస్యతాంతరం (అసలు విలువ ఉండొచ్చనుకునే హద్దులు) కట్టాం. ఈసారి రెండు గుంపులు. అమెరికాలో మగ డాక్టర్ల మీద జరిగిన ఆస్పిరిన్ అధ్యయనం ఫలితాలు 1988లో వెలువడ్డాయి. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి) మాత్ర వేసుకున్న 11,034 మందిలో 189 మందికి, ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో 104 మందికి గుండెపోటు వచ్చింది. ఎవరికి ఏ మాత్ర అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి తేడాకు కారణం మాత్రే అనడానికి వీలుంది. సర్వే లెక్కలకు ఆ ధీమా ఉండదు.

అనుపాతాలు 0.01713, 0.00942. తేడా 0.00771.

ముందు అంతరం. ఒక్కో గుంపుకూ అనుపాతాన్ని (1 – అనుపాతం)తో గుణించి, ఆ గుంపులోని మనుషుల సంఖ్యతో భాగించండి. రెండూ కూడి వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం (తేడా అంచనా ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పే కొలత) 0.00154. దాన్ని 1.96తో గుణిస్తే 0.00302. కాబట్టి 95% అంతరం 0.0047 నుంచి 0.0107 దాకా. అంటే వెయ్యి మందికి సుమారు 5 నుంచి 11 గుండెపోట్లు తక్కువ.

తేడా నిజమా, యాదృచ్ఛికమా అని తేల్చే పరీక్షకు వచ్చేసరికి దోషం లెక్క మారుతుంది, చాలామంది తడబడేది ఇక్కడే. రెండు అనుపాతాలూ సమానమనే శూన్య పరికల్పనతో మొదలుపెడుతున్నాం కదా, అలాంటప్పుడు రెంటికీ వేర్వేరు విలువలు వాడకూడదు. గుంపుల్ని కలిపేయాలి: 293 ÷ 22,071 = 0.01328. దోషం √[0.01328 × 0.98672 × (1/11,034 + 1/11,037)] = 0.00154. ఇక్కడ రెండు దోషాలూ ఒకటే అయినట్టు కనిపించడం గుంపుల సైజు దాదాపు సమానం కావడం వల్ల. ఎప్పుడూ ఇలా కలిసిరాదు. తేడాను దోషంతో భాగిస్తే వచ్చేదే జడ్: 0.00771 ÷ 0.00154, సుమారు 5. 1.96 దాటితే చాలు, 5% స్థాయిలో తేడా సార్థకమే, అంటే యాదృచ్ఛికంగా వచ్చిందనుకోవడం కష్టం.

ఇంకో పొరపాటు మరీ మొండిది. ఒక్కో గుంపుకూ విడిగా అంతరం గీసి, అవి ఒకదాని మీదికొకటి వస్తే తేడా లేదనేయడం. 100కి 60, 100కి 46 తీసుకోండి. విడి అంతరాలు 0.504–0.696, 0.362–0.558, కొంతమేర కలుస్తాయి. అయినా జడ్ 1.98, తేడా అంతరం 0.003–0.277, అందులో సున్నా లేదు. చూడాల్సింది తేడా అంతరాన్నే.

ఏ గుంపులోనైనా 'అవును'లు గానీ 'కాదు'లు గానీ పదికి తక్కువుంటే ఈ పద్ధతిని నమ్మొద్దు. చిన్న సంఖ్యలకూ పనికొచ్చే ఫిషర్ పరీక్ష వాడండి. ఒకే మనుషుల్ని మందుకు ముందు, తర్వాత కొలిచిన లెక్కలకైతే ఇది అసలు పనికిరాదు. వాటికి మెక్‌నెమార్ పరీక్ష ఉంది, అది వచ్చే పాఠంలో.

అభ్యాసం: 1954 నాటి సాక్ పోలియో టీకా ప్రయోగంలో టీకా వేసిన 2,00,745 మంది పిల్లల్లో 33 మందికి, ప్లాసిబో ఇచ్చిన 2,01,229 మందిలో 115 మందికి పక్షవాతపు పోలియో వచ్చింది. జడ్ సుమారు 6.7 రావాలి. దశాంశాలను మధ్యలో కుదించకండి, ఇంత చిన్న అనుపాతాల్లో జవాబు చెడిపోతుంది.