పరుగు తర్వాత సొమ్మసిల్లితే ఏం చేయాలి? కారణాన్ని ఎలా తెలుసుకోవాలి?

నల్లగొండలో పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లలతో నేను ఇరవై ఏళ్లకు పైగా పరుగు సాధన చేయిస్తున్నాను. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు పరీక్ష ఉంటుంది కనుక, నోటిఫికేషన్ వచ్చిందంటే తెల్లవారుజామునే గ్రౌండు నిండిపోతుంది, ప్రతిసారీ కొందరు సొమ్మసిల్లి పడతారు. అప్పుడు చుట్టూ ఉన్నవారు చేసే పొరపాట్లు ఇన్నేళ్లలో మారలేదు. చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెడతారు, సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తారు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, గుప్పిట్లో తాళంచెవులు పెడతారు, కళ్లు తెరవగానే ‘ఎండకు కళ్లు తిరిగినయి’ అని తేల్చి బండి మీద ఇంటికి పంపిస్తారు. పొద్దు పొడవకముందే పడినవారి గురించి కూడా ఈ మాటే చెప్పడం నేను విన్నాను. వీటన్నిటిలో ప్రమాదకరమైనది చివరి పొరపాటే, ఎందుకంటే అసలు కారణాన్ని వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్సిలు, సెకన్ల ముల్లున్న చేతి గడియారం, బీపీ మిషన్, షుగర్ చూసే మిషన్, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రెండు పలుచని దుప్పట్లు ఉంటే చాలు. ఎండాకాలంలో ఐసు పెట్టె కూడా తప్పనిసరి. వివరాలను కాగితం మీదే రాయాలి, ఫోనులో రాయకూడదు, ఎందుకంటే ఆ సమయంలో ఫోను 108కు మాట్లాడడానికి ఖాళీగా ఉండాలి, కాగితమైతే నేరుగా డాక్టరు చేతికి వెళుతుంది.

మొదటి దశ: పడుకోబెట్టి శ్వాస చూడడం

పడినవారిని పడినచోటే వెల్లకిలా పడుకోబెట్టి, భుజం తట్టి గట్టిగా పిలవాలి. పలకకపోతే ఛాతీ, పొట్ట లేచి దిగుతున్నాయా అని పది సెకన్లకు మించకుండా చూడాలి. శ్వాస లేకపోయినా, గురక పెట్టినట్లు ఆగి ఆగి ఎగపీల్చుతున్నా దానిని గుండె ఆగినట్లుగానే తీసుకోవాలి, కాళ్లూ చేతులూ కొద్దిసేపు కొట్టుకున్నంత మాత్రాన ఫిట్స్ అని ఊరుకోకూడదు. ఒకరు 108కు ఫోను చేస్తుండగా మరొకరు ఛాతీ మధ్య ఎముక మీద అరచేయి ఆనించి, రెండో చేతిని దానిపై వేసి, మోచేతులు వంచకుండా, కనీసం 5 సెంటీమీటర్లు దిగేటట్లు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి కూలిపోయినప్పుడు, మైదానంలోనే ఛాతీ నొక్కి, కరెంటు షాక్ ఇవ్వడం వల్లనే అతడు బతికాడు.

రెండో దశ: కాళ్లు ఎత్తడం, తొందరపడి లేపకపోవడం

శ్వాస మామూలుగా ఉంటే మడమల కింద ఒక బ్యాగు పెట్టి కాళ్లను అడుగు ఎత్తులో ఉంచాలి, బెల్టు, షూ లేసులు వదులు చేయాలి, వాంతి వస్తే పక్కకు తిప్పాలి. గ్లాసును తన చేత్తో తానే పట్టుకోగలిగేదాకా నోటికి ఏమీ అందించకూడదు. మామూలు సొమ్మ అయితే నిమిషంలోపే సోయి వస్తుంది. రాకపోయినా, వచ్చాక మాట తేడాగా ఉన్నా 108కు ఫోను చేయాలి. సోయి వచ్చాక పది నిమిషాలు పడుకోబెట్టి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఆ తర్వాతనే నిలబెట్టాలి.

మూడో దశ: అసలు ప్రశ్న అడగడం

ఇంతవరకు చెప్పిన పనులు ఎవరైనా ఒక రోజులో నేర్చుకోగలరు, అసలు కష్టం ఇక్కడినుంచి మొదలవుతుంది. పడినవారి ప్రాణానికి ముందు ముందు ముప్పు ఉందా లేదా అన్నది చాలావరకు ఒకే ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: ‘ఉరుకుతుండగ పడిండా, ఆగినంక పడిండా?’

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో ముందుగా అర్థం చేసుకోవాలి. పరుగెత్తేటప్పుడు కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువగా కావాలి కనుక అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. అడుగు పడిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని, బోరింగు నీటిని పైకి తోడినట్లు సిరల్లోని రక్తాన్ని గుండె వైపు తోడుతుంది. ముగింపు గీత దాటగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతే ఆ తోడడం ఒక్కసారిగా ఆగిపోతుంది, వెడల్పైన నాళాలు మాత్రం వెంటనే ముడుచుకోవు, రక్తం కాళ్లలోనే నిలిచిపోయి బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం చాలక మనిషి కూలిపోతాడు. పరుగు తర్వాత సొమ్మసిల్లేవారిలో చాలామందికి జరిగేది ఇదే, పడుకోబెట్టి కాళ్లు ఎత్తగానే తేరుకునేదీ అందుకే.

పరుగు నడుమ పడిన మనిషి సంగతి వేరు. అప్పుడు పిక్కలు పూర్తిగా పనిచేస్తూనే ఉంటాయి, బీపీ మామూలు కంటే ఎక్కువగా ఉండాలి. అటువంటి సమయంలో మెదడుకు రక్తం అందలేదంటే, గుండె నుంచి బయటికి పోయే దారిలో అడ్డంకి ఉందనో, గుండె లయ తప్పిందనో అనుమానించక తప్పదు. గుండె కండరం పుట్టుకతో వచ్చిన లోపం వల్ల మందంగా పెరగడం, గుండెకు రక్తం తెచ్చే ధమని పుట్టుకతోనే తప్పుదారిలో ఉండడం, బృహద్ధమని కవాటం ఇరుకుగా ఉండడం, లాంగ్ క్యూటీ వంటి లయ దోషాలు, వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వచ్చే వాపు, ముప్పై ఐదు దాటినవారిలో గుండె రక్తనాళాల్లో పూడికలు, ఇవన్నీ ఇలాగే బయటపడతాయి. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఆడుతూ ఆడుతూనే కూలిపోయి మరణించిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో గుండె కండరం కూడా మందంగా పెరిగిందని పరీక్షలో తేలింది.

ఇంత ముఖ్యమైన ప్రశ్నకు సరైన జవాబు రాబట్టడం మాత్రం చాలా కష్టం. పడినవారికి పడిన క్షణం గుర్తుండదు, అడిగితే నలుగురి నోట విన్నదే తిరిగి చెబుతారు. చూసినవారు ‘రన్నింగ్‌ల పడిండు’ అంటారు, కానీ ఆ మాటలో గీతకు ఇవతల పడినవాడూ, గీత దాటి నిలబడ్డాక పడినవాడూ ఇద్దరూ కలిసిపోతారు. అందుకే గుంపును అడగకూడదు. సరిగ్గా అతడి వెనుక పరుగెత్తుతున్న వ్యక్తిని పక్కకు పిలిచి, పడినచోటును కాలితో చూపించమనాలి, గీత నుంచి అది ఎన్ని అడుగులో కొలిచి రాయాలి. ‘ఆగిండా?’ అని అడగకుండా ‘పడే ముందు ఏం చేస్తుండె?’ అని అడగాలి, మొదటి ప్రశ్నకు ఎవరైనా ‘ఆగిండు సార్’ అనే అంటారు. ఐదు నిమిషాలు దాటితే అందరి మాటలూ ఒక్కటైపోతాయి కనుక, ఈ పని పడినవారు ఇంకా పడుకుని ఉండగానే ముగించాలి.

మనిషి ఒంటి మీది గుర్తులు కూడా చూడాలి. ఆగిన తర్వాత సొమ్మసిల్లేవారికి సాధారణంగా ముందుగా కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి, కడుపులో తిప్పుతుంది, పెదవులు తెల్లబడి నుదుటి మీద చల్లని చెమట బొట్లు లేస్తాయి, మోకాళ్లు ముడుచుకుని పక్కకు ఒరుగుతారు, దెబ్బలు తక్కువగా తగులుతాయి. గుండె లయ తప్పి పడినవారిలో చాలామందికి ఆ హెచ్చరిక ఉండదు. కొన్నేళ్ల క్రితం మా గ్రౌండులో దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మూడో రౌండు వంపు తిరుగుతూ పడ్డాడు. తిప్పి చూస్తే గడ్డం చీలి ఉంది, పై పెదవికీ పళ్లకూ ఎర్రమట్టి అంటుకుని ఉంది, అరచేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకునేంత సోయి కూడా అతడికి లేదని ఆ అరచేతులే చెప్పాయి.

అర నిమిషంలోనే తేరుకున్న ఆ పిల్లవాడిని, నేను వద్దంటున్నా వినకుండా, స్నేహితులు దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకుపోయారు. అక్కడ ఈసీజీ తీయలేదు, ఎక్కడ పడ్డాడని అడగలేదు, ‘వీక్‌నెస్’ అని చెప్పి రెండు సెలైన్ సీసాలు ఎక్కించి పంపించారు. మన ప్రాంతంలో సెలైన్ మీద ఉన్న నమ్మకం గురించి ఇక్కడ చెప్పక తప్పదు. సొమ్మసిల్లినవారిని పడుకోబెడితే వారంతట వారే తేరుకుంటారు, ఆ పేరు చేతికి గుచ్చిన సీసాకు వస్తుంది. నీరసం తగ్గిందనుకుని మరునాడే పరుగుకు వస్తారు. ఈసీజీకి పట్టేది కొద్ది నిమిషాలు, ఖర్చు కూడా తక్కువ. సెలైన్ కంటే ముందు ఈసీజీ అన్న నియమాన్ని నేను ఎవరి కోసమూ సడలించను. ఆ పిల్లవాడి తండ్రికి ఫోను చేసి గట్టిగా చెప్పాక, వారం తర్వాత గుండె డాక్టరుకు చూపించారు, టూడీ ఎకోలో (గుండెకు చేసే స్కానింగులో) గుండె కండరం మందంగా ఉన్నట్లు తేలింది. అతడు పరుగు మానేశాడు, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాడు.

ఇంకొక ప్రశ్నను పిల్లలను కాక తల్లిని అడగాలి: వంశంలో ఎవరైనా యాభై ఏళ్లలోపు ఉన్నట్టుండి చనిపోయారా? దీనికి చాలామంది లేదనే అంటారు. అప్పుడు విడమరచి అడగాలి. నిద్రలోనే పోయినవారు ఉన్నారా, బాగా ఈత వచ్చి కూడా బావిలో మునిగిపోయినవారు ఉన్నారా, చిన్నప్పుడు ఫిట్స్ అని మందులు వాడినవారు ఉన్నారా అని ఒక్కొక్కటిగా అడిగితే ‘మా తమ్ముడు బాయిల పడి పోయిండు సార్’ అన్న జవాబు వస్తుంది. కొన్ని లయ దోషాలు ఈదేటప్పుడే ప్రాణం తీస్తాయి, ఫిట్స్‌గా పొరబడేటట్లు కూడా చేస్తాయి కనుక ఆ జవాబును తప్పకుండా రాసి డాక్టరుకు చూపించాలి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆగిన తర్వాత పడ్డాడని తేలినంత మాత్రాన గుండె బాగున్నట్లు తీర్మానించకూడదు. పడే ముందు ఛాతీలో నొప్పి, గుండె దడ, మామూలుకు మించిన ఆయాసం ఉన్నా, ఇది రెండోసారి అయినా, వయసు ముప్పై ఐదు దాటినా, వంశంలో అటువంటి మరణం ఉన్నా, పరుగు నడుమ పడినవారితో సమానంగానే చూడాలి. జవాబు తేలకపోతే పరుగు నడుమే పడినట్లు రాయాలి.

నాలుగో దశ: మిగిలిన కారణాలను చూడడం

ఎండాకాలంలో వడదెబ్బను మొదట అనుమానించాలి. మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు సాధారణమే. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనుషులను గుర్తుపట్టలేకపోతే అది వడదెబ్బే, చెమట పడుతోంది కనుక కాదనుకోవడం తప్పు, ఎందుకంటే పరుగు వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. అటువంటివారిని ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఐసు నీళ్ల తొట్టి ఉంటే మెడదాకా కూర్చోబెట్టి తల పట్టుకోవాలి, లేకపోతే తడి దుప్పటి కప్పి విసురుతూ, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. 108కు ఫోను ఈలోపే వెళ్లాలి.

షుగర్‌కు మందులు వాడేవారికీ, ఉపవాసంతో పరుగెత్తినవారికీ వేలికొన గుచ్చి చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడు చక్కెర నీళ్లు ఇవ్వాలి. నాలుక పక్కన కొరుక్కున్నా, బట్టల్లో మూత్రం పోయినా, తేరుకున్నాక చాలాసేపు అయోమయంగా ఉన్నా ఫిట్స్ కోణంలో చూపించాలి. సొమ్మసిల్లినప్పుడు కూడా కొన్ని సెకన్లు చేతులు కొట్టుకోవడం మామూలే.

ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది, 12 గ్రాముల కంటే తక్కువతో 800 మీటర్లు పరుగెత్తించడం వారిని బాధపెట్టడమే అవుతుంది. బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు, జిమ్ములో అమ్మే కెఫీన్ పొడులు వాడుతున్నారా అన్నది కూడా రాయాలి. పరుగు ముందు ఏం తినాలన్న దాని గురించి ఎవరేం చెప్పినా, గంటన్నర ముందు ఉప్పు వేసిన జొన్న అంబలి తాగాలి, ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగకూడదు, ఎందుకంటే రక్తంలో సోడియం పలుచబడి కూడా మనిషి సోయి తప్పవచ్చు.

ఐదో దశ: డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత గ్రౌండుకు

ఆ కాగితం తీసుకుని ఎంబీబీఎస్ చదివిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు పట్టణాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. పడుకున్నప్పుడూ, నిలబడిన ఒకటి, మూడు నిమిషాలకూ బీపీ చూడమని అడగాలి, పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే అది చెప్పుకోదగ్గ తేడా. పరుగు నడుమ పడినవారికి ఈసీజీ, టూడీ ఎకో అయ్యి, డాక్టరు కాగితం మీద అనుమతి రాసేదాకా ఒక్క రౌండు కూడా పెట్టకూడదు. జ్వరం తగ్గిన పిల్లలను కనీసం రెండు వారాలు పరుగుకు దూరంగా ఉంచాలి.

ఆగిన తర్వాత పడి, పరీక్షల్లో ఏ దోషమూ లేనివారికి మందు అవసరం లేదు, ఆగే పద్ధతి మార్చుకుంటే చాలు. మా గ్రౌండులో ముగింపు గీతకు వంద మీటర్ల అవతల సున్నంతో రెండో గీత వేయిస్తాను. మొదటి గీత దగ్గర గడియారం ఆగుతుంది, కాళ్లు ఆగకూడదు. రెండో గీతదాకా మెల్లగా ఉరికి, అక్కడినుంచి పది నిమిషాలు నడిచి, ఆ తర్వాతనే కూర్చోవాలి. తల తిరుగుతున్నట్లుంటే నిలబడకుండా అక్కడే పడుకోవాలని కూడా మొదటి రోజే చెబుతాను.