మన పేటలో ఎవరెవరున్నారో జనాభా లెక్కల్లో చూసుకోవడం ఎలా

మాది అనంతపురాన్ని ఆనుకుని ఉన్న పాపంపేట. స్కూల్లో టీచర్‌గా పనిచేసేటప్పుడు 2001లో ఒకసారి, 2011లో ఒకసారి జనాభా లెక్కల డ్యూటీ చేశాను. ఇప్పుడు రిటైర్ అయ్యాను. డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు పని మీద అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. "టీచరమ్మా, మన ఊళ్లో ఏ మతం వాళ్లు, ఏ భాష వాళ్లు ఎంతమంది ఉన్నారో ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. చాలామంది అప్పటికే ఫోన్‌లో ఒక పట్టిక చూసి దాన్నే రాసుకుని ఉంటారు. ఒక్క పట్టికతో మన ఊరు కనబడదు. రెండుమూడు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అవి చదివాక ఒకసారి వీధిలో నడవాలి.

ముందు ఏ ఊరి లెక్క కావాలో తేల్చుకోండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ, శివార్లలో ఉండేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. పట్టికలో అనంతపురం మున్సిపల్ కార్పొరేషన్ వరసలో 2011 జనాభా 2,61,004 అని ఉంటుంది. అందులో పాపంపేట లేదు, కక్కలపల్లి లేదు, ఎ.నారాయణపురం లేదు. పాలన పంచాయతీదే అయినా వీటిని సెన్సస్ వాళ్లు 'సెన్సస్ టౌన్లు'గా విడిగా రాస్తారు. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉంటే ఆ ఊరు సెన్సస్ టౌన్ అవుతుంది. కార్పొరేషన్‌నీ ఈ శివార్లనీ కలిపిన మొత్తం కావాలంటే 'అర్బన్ అగ్లామరేషన్' అనే వరస చూడాలి. అది 3 లక్షలు దాటుతుంది. ఏ వరస తీసుకున్నారో కాగితం మీద రాసుకోండి, చివరి దాకా అదే వాడండి.

జిల్లా లెక్క తీసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2011లో జిల్లా ఒకటే, 63 మండలాలు, 40 లక్షల 81 వేల జనం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. ఇప్పటి అనంతపురం జిల్లాకు 31 మండలాలే మిగిలాయి. అందుకని పాత జిల్లా శాతాలు ఇప్పటి జిల్లాకు అంటగట్టకూడదు. మండలాల వరసలు ఒక్కొక్కటిగా కూడుకోవాల్సిందే.

ఇక ఫైళ్లు. సెన్సస్ వెబ్‌సైట్‌లో 2011 పట్టికలు ఎక్సెల్ రూపంలో ఉచితంగా దొరుకుతాయి. మూడు చాలు. ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్‌లో మొత్తం జనాభా, ఎస్సీలు, ఎస్టీలు, చదువుకున్నవాళ్లు, పనిచేసేవాళ్లు ఉంటారు. సి-1లో మతం ఉంటుంది. సి-16లో మాతృభాష ఉంటుంది.

సి-1నీ సి-16నీ ఒకేసారి తెరవండి. ఒకే మండలం తీసుకుని ముస్లింల సంఖ్యనీ ఉర్దూ మాతృభాషగా చెప్పినవాళ్ల సంఖ్యనీ పక్కపక్కన రాయండి. మన జిల్లాలో చాలాచోట్ల ఈ రెండూ సమానంగా ఉండవు, ముస్లింలే ఎక్కువ తేలతారు. పిల్లలు దీన్ని తప్పు అనుకుంటారు. తప్పు కాదు. ఆ తేడాలో ఎక్కువమంది దూదేకులవాళ్లు, అంటే నూర్‌బాషాలు. 2011లో మా పేటలో ఒక దూదేకుల జేజిని అడిగితే, "మేం తురకోళ్లమే నాయనా, కానీ మా అమ్మ మాట్లాడింది తెలుగే. నాకు ఉర్దూ రాదు" అంది. ఆ జేజి సి-1లో ముస్లిం, సి-16లో తెలుగు. అయితే తేడా మొత్తాన్నీ దూదేకులవాళ్ల లెక్క అని రాసెయ్యకండి. కొన్ని ఇళ్లలో పిల్లల్ని తెలుగు మీడియంలో వేశాం కదా అని పిల్లల భాష కూడా తెలుగనే రాయిస్తారు. కర్ణాటక హద్దు మండలాల్లో కన్నడ చెప్పేవాళ్లూ ఉంటారు.

హద్దు అన్నాను కాబట్టి రాయదుర్గం సంగతి చెప్పాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, మిగతాది మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు కర్నూలులో కలిశాయి, రాయదుర్గం మనలో కలిసింది. అక్కడ కన్నడ వరస పెద్దదిగా కనబడితే వాళ్లను వలస వచ్చినవాళ్లు అని రాయకండి. వాళ్ల తాతలు కూడా ఆ ఊళ్లవాళ్లే. కదిలింది హద్దు.

సి-16లో 'హిందీ' అనే వరస దగ్గర ఆగి నెమ్మదిగా చదవండి. ఒక అమ్మాయి ఆ అంకె చూసి "మన జిల్లాలో ఇంతమంది ఉత్తరాదివాళ్లా!" అని ఆశ్చర్యపోయింది. కోడ్ చివర మూడు సున్నాలున్న వరస ఆ భాష గుంపు మొత్తం. దాని కింద విడి వరసలు చూడండి, 'లమాని/లంబాడి' అని కనబడుతుంది. వాళ్లు మన సుగాలీలు. దేశం మొత్తం మీద 32 లక్షలమందికి పైగా చెప్పిన ఈ భాషను సెన్సస్ హిందీ గుంపులో వేసింది. అలాగే ఎరుకల భాషను తమిళంలో కలిపారు. మాటల పోలికను బట్టి గుంపులు కట్టారని చెబుతారు గానీ, తండా నుంచి వచ్చి రుద్రంపేటలో అద్దెకుండే అమ్మను హిందీ మనిషి అంటే ఆమెకు ఎలా ఉంటుంది? నా మటుకు నేను పిల్లలతో గుంపు పేరు రాయించను, విడి వరసలే రాయిస్తాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2001లో నేను చాలా ఇళ్లలో ఇంటిపెద్ద భాష రాసి, కిందున్న అందరికీ అదే గీసుకుంటూ పోయాను. సాయంత్రం సూపర్‌వైజర్ సార్ ఫారాలు చూసి, నన్ను మళ్లీ ఆ ఇళ్లకు పంపారు. మాతృభాష అంటే చిన్నప్పుడు ఆ మనిషితో వాళ్లమ్మ మాట్లాడిన భాష. ఒకే ఇంట్లో అత్తది ఒకటి, కోడలిది ఒకటి కావచ్చు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక ఇంట్లో కన్నడ కోడలు, ఇంకో ఇంట్లో మరాఠీ అత్త బయటపడ్డారు. మొదటిసారి ఇద్దరినీ తెలుగు చేసేశాను. ఆ భాషల లెక్కలో ఇద్దరు తగ్గేవాళ్లు. పట్టిక చదివేటప్పుడు ఇలాంటి గీతలు ఎన్ని ఉంటాయో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

క్రైస్తవుల వరస కూడా జాగ్రత్తగా చదవాలి. ఆదివారం చర్చిలు నిండుగా ఉంటాయి, పట్టికలో అంకె చిన్నదిగా ఉంటుంది. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంది. మతం మారామని రాయిస్తే పిల్లల సర్టిఫికెట్ ఏమవుతుందోనన్న టెన్షన్ చాలా ఇళ్లలో చూశాను. నేను వాళ్లు చెప్పిందే రాశాను. మీరు ఆ అంకెను అంకెగానే రాయండి, దాని కింద ఈ కారణం కూడా రాయండి. ఎస్టీలకు ఈ షరతు లేదు. కానీ ఎస్టీ అనే మాట కూడా రాష్ట్రం దాటితే మారిపోతుంది. ఇక్కడ సుగాలీలు ఎస్టీలు, బళ్లారి వైపు అదే లంబాణీలు ఎస్సీలు. అందుకని రెండు రాష్ట్రాల ఎస్టీ శాతాలను నేరుగా పోల్చకండి.

మాల, మాదిగ, సుగాలి, ఎరుకల అని విడివిడిగా కావాలంటే ఎ-10, ఎ-11 పట్టికల అనుబంధాల్లో జిల్లా వరకు దొరుకుతాయి. పేట వరకు దొరకవు. బోయ, కురుబ, బలిజ, రెడ్డి లాంటి మిగతా కులాల లెక్క 2011 సెన్సస్ పట్టికల్లో ఎక్కడా లేదు. అన్ని కులాలనూ ముద్రించిన చివరి సెన్సస్ 1931ది.

అంకెలు రాసుకున్నాక పేటలో నడవండి. 2011 లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. శనగకాయల పని అయిపోయి మనవాళ్లు బెంగళూరుకో కేరళకో పనికెళ్లే రోజులవి. ఆ రోజులన్నీ బయటే ఉన్నవాళ్లు ఇక్కడి లెక్కలో పడలేదు. తాళం వేసిన ఇళ్లు మా వీధిలోనే ఎన్నో చూశాను. ఆ తర్వాత వచ్చినవాళ్లు కూడా లేరు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దానితో వచ్చిన కొరియావాళ్లు ఏ 2011 పట్టికలోనూ దొరకరు. బిల్డింగ్ పనులకొచ్చిన ఒడిశా, బీహార్ కుర్రవాళ్లూ అంతే. కిరాణా కొట్టు ఆయన్ని, స్కూల్లో అడ్మిషన్లు రాసేవాళ్లని, మసీదులో, చర్చిలో, గుడిలో పెద్దల్ని అడగండి. వాళ్లు చెప్పింది అంకెల్లో కలపకండి, పక్కన విడిగా రాయండి. పేర్లు, ఇంటి నంబర్లు మాత్రం రాయొద్దు.

కొత్త లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. ఈసారి అందరి కులమూ అడుగుతారు, ఫోన్ యాప్‌లో నింపుతారు. మీ ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ఒక్కొక్కరి మాతృభాష విడిగా చెప్పండి. ఇంట్లో గోర్‌బోలి, అంటే సుగాలీల భాష, మాట్లాడేవాళ్లు సిగ్గుపడి తెలుగని చెప్పొద్దు. పనికెళ్లినవాళ్లు ఎన్నాళ్లు బయట ఉంటారో స్పష్టంగా చెప్పండి. నింపడం అయ్యాక వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, రాసింది ఒకసారి చదివి వినిపించమని అడగండి.