అమెరికా నగరాల లెక్కలు సరిచూడడం – మూడో పాఠం: ముందు హద్దు, తర్వాతే అంకె

ఒక అంకె ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడం గత పాఠంలో చూశాం. మూల పట్టికలో ఆ అంకె అచ్చంగా అలాగే ఉన్నా, దాన్ని వాడిన వాక్యం తప్పు కావచ్చు. అంకె ఒక ప్రాంతానిది, వాక్యం చెప్పేది ఇంకో ప్రాంతం గురించి అయినప్పుడు ఇలా జరుగుతుంది. ఈ మెలకువ నేర్చుకోవడానికి మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ మంచి ఊరు.

2020 జనాభా లెక్కల్లో ఈ పేరు మీద మూడు అంకెలు దొరుకుతాయి: 3,01,578, 10,04,125, 28,20,253. మూడూ నిజమే. మొదటిది నగరం, రెండోది సెయింట్ లూయిస్ కౌంటీ, మూడోది మెట్రో ప్రాంతం, అంటే నగరంతో పాటు చుట్టుపక్కల కౌంటీలు, పక్క రాష్ట్రమైన ఇల్లినాయ్ వైపు భాగం కూడా కలిపినది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే కదా, నగరం అందులోనే ఉంటుందనుకుంటాం. ఇక్కడ ఉండదు. సెయింట్ లూయిస్ నగరం ఏ కౌంటీలోనూ లేదు, తనే ఒక కౌంటీతో సమానం. అందుకే కౌంటీ అంకెలోంచి నగరం అంకె తీసేస్తే వచ్చేది అర్థంలేని సంఖ్య. రెండు ప్రాంతాల మొత్తం కావాలంటే రెంటినీ కలపాలి: 13,05,703.

పేరును నమ్మకుండా, అమెరికాలో జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో వాడే ఐదంకెల కోడ్ చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, మిగతా మూడు కౌంటీవి. నగరానిది 29510, కౌంటీది 29189. మీ నోట్సులో ప్రతి అంకె పక్కన నాలుగు విషయాలు రాసుకోండి: సంవత్సరం, కోడ్, పట్టిక పేరు, అది తలలు లెక్కపెట్టిందా, శాంపిల్ సర్వే అంచనాయా. మెట్రో ప్రాంతం విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. ఏయే కౌంటీలు అందులోకి వస్తాయన్నది కాలం గడిచేకొద్దీ మారుస్తుంటారు. కాబట్టి రెండు సంవత్సరాల మెట్రో అంకెలను పోల్చే ముందు కౌంటీల జాబితా ఒకటేనా అని చూడాలి.

నగరం కౌంటీ నుంచి ఎప్పుడు విడిపోయింది? 1876 ఆగస్టు 22న ఓటింగ్ జరిగింది. మొదటి లెక్కింపులో ప్రతిపాదన ఓడిపోయిందన్నారు. మోసం జరిగిందన్న ఆరోపణలతో మళ్లీ లెక్కపెట్టారు, నెగ్గినట్టు తేలింది. ఆ ఆగస్టు చివరి పత్రిక ఒక్కటే చూసినవారు ‘ఓడిపోయింది’ అని రాస్తారు. ఓటింగ్ గురించి ఏది రాసినా తుది ఫలితం తేదీ వరకూ వెళ్లి చూడాల్సిందే.

ఆ విభజనతో నగర విస్తీర్ణం సుమారు 18 చదరపు మైళ్ల నుంచి సుమారు 61కి పెరిగింది. ఇక అసలు లెక్క. 1870లో నగర జనాభా 3,10,864 అని అచ్చయింది. షికాగో 2,98,977 కాబట్టి సెయింట్ లూయిస్ దాన్ని మించిపోయినట్టు కనిపిస్తుంది. 1880కి షికాగో 5,03,185, సెయింట్ లూయిస్ 3,50,518. అంటే హద్దు మూడు రెట్లకు పైగా పెరిగినా జనం పెరిగింది 13 శాతం లోపే. ఇక్కడ అనుమానం రావాలి.

ఇలాంటప్పుడు హద్దు మారని పాత్రలో పోసి కొలవాలి. ఇక్కడ ఆ పాత్ర పాత కౌంటీ మొత్తం. 1860లో 1,90,524, 1870లో 3,51,189. 1880లో నగరం, కౌంటీ (31,888) కలిపి 3,82,406. 1890లో 4,51,770, 36,307 కలిపి 4,88,077. పదేళ్లకోసారి పెరుగుదల వరసగా 84, 9, 28 శాతం. మధ్యలో ఒక్కసారిగా 9కి పడిపోయి మళ్లీ లేచింది. లోపం 1880లో కాదు, 1870 అంకె ఉబ్బి ఉండడంలో ఉంది. ఆ లెక్కలో ఉన్నవాళ్లకంటే ఎక్కువమందిని చూపారని చరిత్రకారులు భావిస్తారు. కాబట్టి ఆ అంకెను ‘1870 జనాభా లెక్కల ప్రకారం’ అని మాత్రమే రాయాలి. ‘ఆ ఏడు షికాగో కంటే పెద్ద నగరం’ అని సొంత మాటగా రాయకూడదు.

1876 తర్వాత హద్దు దాదాపు కదలలేదు. అందుకే 1950లోని 8,56,796ను 2020 అంకెతో ధైర్యంగా పోల్చవచ్చు: 65 శాతం తగ్గుదల.

నేరాల రేటు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. సెయింట్ లూయిస్ రేటుకు భాజకం నగర జనాభా మాత్రమే. అది మెట్రో జనాభాలో 11 శాతం కూడా లేదు. పగలు పనికొచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు అందులో లేరు. శివార్లను చాలావరకు తనలో కలుపుకున్న నగరంతో దీన్ని పక్కపక్కన పెట్టి ర్యాంకులివ్వడం అన్యాయం. పోల్చాలంటే రెండు చోట్లా మెట్రో రేట్లే తీసుకోండి.

స్థలాల పేర్లతోనూ ఇదే చిక్కు. 2014లో ఆందోళనలు జరిగిన ఫెర్గుసన్ కౌంటీలో ఉంది, నగరంలో కాదు. 1917 జాతి హింస జరిగిన ఈస్ట్ సెయింట్ లూయిస్ నది అవతల, ఇల్లినాయ్‌లోని వేరే నగరం. విమానాశ్రయం నగరానిదే, కానీ ఉన్నది కౌంటీలో.

తెలుగులో రాసేటప్పుడు మిలియన్‌ను పదితో హెచ్చవేస్తే లక్షలొస్తాయి: 2.82 మిలియన్లు అంటే 28.2 లక్షలు. చుక్కను అక్కడే వదిలేసి ‘2.82 లక్షలు’ అని రాస్తే మెట్రో జనాభా కాస్తా నగర జనాభాకు దగ్గరగా వచ్చేస్తుంది, చదివేవారికి అనుమానం కూడా రాదు.

అభ్యాసం: ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ 1960లో 2,01,030. 1970లో ఐదు లక్షల పైన. ఆ పదేళ్లలో హద్దుకు ఏమైందో కనుక్కోండి. తర్వాత 1960కీ 1970కీ జాక్సన్‌విల్ ఉన్న డువాల్ కౌంటీ మొత్తం అంకెలు తీసి, నిజమైన పెరుగుదల శాతం కట్టండి. జవాబు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాం.